ఇంట్లో గండుచీమలా? స్ప్రే పక్కన పెట్టి ముందు తడిసిన కర్ర వెతకండి

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి, తాతలనాటి పెంకుటిల్లు, వెనక దొడ్లో రెండు మామిడిచెట్లూ ఒక పనసా ఉండేవి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఒక మామిడి వేళ్ళ దగ్గర విరిగి పడిపోయింది, వంటింటి మీద పెంకులు లేచిపోయాయి. పెంకులైతే మళ్ళీ కప్పించాం గానీ చూరు పక్కన రెండు మూడు సరిగ్గా కూర్చోలేదని ఎవరం చూసుకోలేదు, అక్కణ్నుంచి వానాకాలమంతా చుక్క చుక్కగా నీళ్ళు దూలం కొనలోకి ఇంకుతూనే ఉన్నాయి. రెండో ఏడు వానలకి రాత్రి తొమ్మిది దాటితే చాలు వంటింటి గట్టు మీద ఇంతింత నల్ల గండుచీమలు. స్ప్రే కొట్టాం, చీమల మందు చాక్‌పీసు గీశాం, పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిపిస్తే వాళ్ళూ గోడల వెంబడి మందు కొట్టి డబ్బులు తీసుకుని వెళ్ళారు, ఇరవై రోజులు ప్రశాంతంగా ఉంది, తర్వాత మళ్ళీ మామూలే. అలా ఏడాదిన్నర పోయింది. ఆఖరికి ఏ పని ముందు చెయ్యాలో ఏది తర్వాతో తెలిసొచ్చింది, ఆ వరసలోనే రాస్తున్నా, మధ్యలో ఏదీ దాటెయ్యకండి.

ముందు అది ఏ పురుగో తేల్చుకోండి

నెట్‌లో కార్పెంటర్ యాంట్స్ అని కొడితే అమెరికా వీడియోలొస్తాయి, ఇల్లంతా తొలిచేసినట్టు చూపిస్తారు, చూసి గుండె ఆగినంత పనవుతుంది. అక్కడ ఇళ్ళు ఎక్కువగా చెక్కతో కడతారు, అక్కడి జాతులు వేరు. అవీ మన గండుచీమలూ కాంపొనోటస్ అనే ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), అందులో ప్రపంచమంతా కలిపి వెయ్యికి పైగా జాతులున్నాయి. మన దగ్గర ఎక్కువగా కనపడే కాంపొనోటస్ కంప్రెసస్ అనే నల్ల గండుచీమ మామూలుగా చెట్టు మొదట్లో మట్టిలో పుట్ట పెట్టుకుంటుంది, ఇంట్లోకి తిండి కోసం వచ్చి పోతుంది అంతే. అంటే గండుచీమ కనపడగానే ఇల్లు కూలిపోతుందని కాదు. కానీ ఇదే ప్రజాతిలో పుచ్చిన కర్రలో, బోలు వెదురులో, ద్వారబంధం వెనక సందులో గూడు పెట్టే రకాలూ ఉంటాయి, మాకు తగిలినవి అవే.

చీమని పక్కనుంచి ఫోన్‌లో జూమ్ చేసి చూడండి. గండుచీమ వీపు ఎత్తుపల్లాలు లేకుండా విల్లులా ఒకే వంపుగా ఉంటుంది, సన్నటి నడుము దగ్గర ఒకే ఒక గుబ్బ ఉంటుంది, మీసాలు మోచెయ్యి మడిచినట్టు వంగుంటాయి. ఒకే బారులో చిన్నవీ పెద్దవీ కలిసి నడుస్తాయి, పెద్దవాటి తలకాయలు మరీ పెద్దవి, ఒళ్ళు అర అంగుళం దాకా ఉంటుంది. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు గానీ గండుచీమ ఆజ్ఞ ఉన్నా కుట్టలేదు, దానికి ముల్లే లేదు. దవడలతో కొరికి ఆ గాయం మీద ఫార్మిక్ యాసిడ్ చిమ్ముతుంది, మంట అందుకే.

అసలు గొడవ చెదతో వస్తుంది. చెద కర్రని తింటుంది, గండుచీమ తినదు, ఉండటానికి చోటు కోసం తొలిచి ఆ పొట్టు బయట పారేస్తుంది. చెద పట్టిన చోట గోడ మీద మట్టి గీతలు పాకుతాయి, కర్ర విప్పితే లోపలంతా మట్టి. చీమ తొలిచిన సొరంగమైతే చిత్రిక పట్టినట్టు నున్నగా శుభ్రంగా ఉంటుంది, కింద రంపంపొట్టు లాంటి కుప్ప ఉంటుంది, అందులో చచ్చిన పురుగుల కాళ్ళూ రెక్కల ముక్కలూ కలిసుంటాయి. మైదా పిండిలా మెత్తటి పొడి రాలుతూ గుండుసూది తలంత బెజ్జాలుంటే అది పుచ్చు పురుగు. వేలు పట్టేంత గుండ్రటి బెజ్జం ఎండు దూలానికో వెదురుకో కనపడి దగ్గర్లో జుమ్మని శబ్దం వస్తే నల్ల తుమ్మెద. ఈ మూడింటికీ వైద్యం వేరు, చీమల ఎర పెడితే దండగ.

తొలకరికి దీపం చుట్టూ మూగేవాటిని కూడా చూస్కోండి. ఉసిళ్ళకి, అంటే రెక్కలొచ్చిన చెదకి, నాలుగు రెక్కలూ ఒకే పొడుగు, నడుము లావు, మీసాలు పూసలదండలా తిన్నగా ఉంటాయి. రెక్కల చీమకి ముందు రెక్కలు పొడుగు వెనకవి పొట్టి, నడుము సన్నం. ఉసిళ్ళని వేయించుకు తినే ఊళ్ళు మన చుట్టూ ఇప్పటికీ ఉన్నాయి, అది వేరే కథ. రెక్కల చీమలు బయట లైటు దగ్గర కాకుండా మూసున్న గది లోపల కిటికీ అద్దాల దగ్గర గుంపుగా కనపడితే మాత్రం గూడు ఇంట్లోనే ఉందని అనుమానించాలి. గూడు కొన్నేళ్ళు ముదిరితేగానీ రెక్కల చీమలు పుట్టవు.

రాత్రి పూట వెంటపడాలి

పగలు వెతికితే పెద్దగా ఏమీ దొరకదు, గండుచీమల తిరుగుడు ఎక్కువగా చీకటి పడ్డాకే. తొమ్మిది నుంచి పదకొండు మధ్య వంటింట్లో లైటు ఆపేసి ఓ అరగంట వదిలెయ్యండి, తర్వాత టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టి చూడండి, ఎర్ర కాంతి చీమలకి సరిగా కనపడదు, అవి బెదరవు.

ఒక అట్టముక్క మీద ఒక పక్క బెల్లం పాకం చుక్క, ఇంకో పక్క ఎండుచేప నలిపి పెట్టండి. దీంతో రెండు పనులు తెలుస్తాయి, ఒకటి ఇప్పుడు వాటికి తీపి కావాలా నీసు కావాలా అని, గూట్లో పిల్లలెక్కువున్నప్పుడు నీసు మీద పడతాయి, ఇది తర్వాత ఎర కలిపేటప్పుడు పనికొస్తుంది. రెండోది, తిని కడుపు నింపుకున్న చీమ ఇంక ఎటూ తిరగకుండా తిన్నగా ఇంటికి పోతుంది. వచ్చేదాన్ని కాదు, పోయేదాన్ని పట్టుకోండి. మా అబ్బాయిని ఒక చీమకి, నన్ను ఒక చీమకి కాపలా పెట్టింది మా ఆవిడ, నవ్వుకోకండి, గూడు దొరికింది అలానే.

అవి గోడ మధ్యలోంచి నడవవు, అంచు పట్టుకు నడుస్తాయి, కరెంటు పైపు, నీళ్ళ గొట్టం, టీవీ కేబులు, గోడా దూలం కలిసే మూల, కిటికీ చట్రం. ఎక్కడ మాయమైతే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి, మందు చాక్‌పీసుతో కాదు, బడి చాక్‌పీసుతో. మూడు రాత్రులు చూస్తే గుర్తులన్నీ ఒకే చోటికి చేరతాయి. మర్నాడు పగలు అక్కడ స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి, గట్టి కర్ర ఖణేల్‌మంటుంది, తొలిచిన కర్ర డొల్లగా మోగుతుంది, కొట్టిన వెంటనే చెవి ఆనిస్తే లోపల ఎండాకుల మీద నడిచినట్టు గరగర వినపడొచ్చు. స్క్రూడ్రైవరు మొన గుచ్చితే సులువుగా దిగిందంటే అదే చోటు. మా ఇంట్లో వంటింటి దూలం కొన, గోడలోకి దిగే మూరెడు మేర, వేలితో నొక్కితే లోపలికి పోయింది.

ఒక గూడు దొరికిందని అక్కడితో ఆగిపోవద్దు, మేం అక్కడే పప్పులో కాలేశాం. వీటికి చాలాసార్లు పెద్దిల్లూ చిన్నిల్లూ ఉంటాయి. రాణీ గుడ్లూ పసి పిల్లలూ బాగా చెమ్మ ఉన్న పెద్ద గూట్లో, అంటే ఎక్కువగా బయట మోడులోనో చెట్టు తొర్రలోనో ఉంటాయి. కూలి చీమలూ ఎదిగిన పిల్లలూ తెల్లటి గొట్టాల్లాంటి గూళ్ళూ మన ఇంట్లో ఉండే చిన్న గూట్లో ఉంటాయి. ఆ తెల్ల గొట్టాల్నే అందరూ చీమగుడ్లంటారు, నిజానికవి పట్టుపురుగు గూడు లాంటివి, లోపల సగం తయారైన చీమ ఉంటుంది. దూలంలో రాణి కనపడక మేం బయటికెళ్ళి చూస్తే, తిత్లీకి పడ్డ మామిడి మోడు, పీకించడానికి బద్దకించి వదిలేసినది, వంటింటి గోడకి పన్నెండు అడుగుల్లో, దాన్నిండా అవే. మోడు నుంచి దండెం తీగ మీదుగా చూరులోకి వాటికి హైవే.

నీళ్ళు ఆపండి

ఇది చిన్న పనే గానీ ఇది చెయ్యకుండా కిందది చేస్తే దండగ. పగిలిన పెంకు, సజ్జా మీద నిలిచే నీళ్ళు, సింకు కింద కారే పైపు, స్నానాలగది ద్వారబంధం అడుగు, ఏసీ నీళ్ళ గొట్టం, ఇవే చోట్లు. గుర్తు పెట్టుకున్న చోటికి పైన, దగ్గర్లో నీళ్ళెక్కడివో వెతికి ఆ వారంలోనే ఆపించండి. మా వడ్రంగి మేస్త్రి దూలం చూసి, "బాబూ, సీమలు కర్రని పాడుసెయ్యవు, పాడైన కర్రకే సీమలొస్తాయి" అన్నాడు. నూటికి నూరుపాళ్ళు కాదులెండి, మెత్తబడ్డ చోట మొదలెట్టి పక్కనున్న గట్టి కర్రలోకి కూడా తొలుచుకుపోతాయి. కానీ మొదలు మాత్రం చెమ్మ దగ్గరే.

ఎర కలిపే పద్ధతి

స్ప్రే ఎందుకు పనిచెయ్యదో ముందు చెప్తా. గూట్లో కొన్ని వేల చీమలుంటే బయట తిరిగేవి వాటిలో కొద్దిభాగమే, స్ప్రేకి చచ్చేవి అవే, లోపల రాణికి చీమ కుట్టినట్టైనా ఉండదు. ఎర సంగతి వేరు. చీమ తిన్నదంతా అరిగించుకోదు, కొంత ఇంకో పొట్టలో దాచుకుని ఇంటికెళ్ళి నోట్లోంచి నోట్లోకి పక్కదానికి ఇస్తుంది, అది ఇంకోదానికి, అలా పిల్లలకీ రాణికీ చేరుతుంది. కాబట్టి మందు నెమ్మదిగా పనిచెయ్యాలి, దారిలోనే చచ్చిపోతే మోసుకెళ్ళేవాళ్ళే ఉండరు.

బోరిక్ పౌడరు మందుల షాపులో అడిగితే ఇస్తారు. క్యారమ్ బోర్డు పౌడరు కూడా కొన్ని బోరిక్కే, కానీ డబ్బా మీద బోరిక్ యాసిడ్ అని రాసి లేకపోతే తీసుకోవద్దు. మూలికల కొట్లో దొరికే వెలిగారం కూడా ఇదే కొలతకి పనిచేస్తుంది.

కొలత: గోరువెచ్చటి నీళ్ళు 200 మి.లీ., పంచదార 20 గ్రాములు అంటే తలకొట్టిన టీ చెంచాలు 5, బోరిక్ పౌడరు 2 గ్రాములు అంటే సుమారు అర టీ చెంచా. పూర్తిగా కరిగేదాకా కలపాలి. బోరిక్ ఒక శాతం దాటకూడదు. ఎక్కువేస్తే బాగా చస్తాయని మా బావమరిది మూడు చెంచాలు పోశాడు, ఒక్క చీమ ముట్టలేదు. ఎక్కువైతే పసిగట్టి వదిలేస్తాయి, తిన్నవి ఇంటికి చేరకముందే చస్తాయి.

సీసామూతలో దూదిపెట్టి దాన్ని ఈ నీళ్ళతో తడిపి అవి నడిచే దారి పక్కన పెట్టండి, దారి మధ్యలో కాదు. పిల్లలో కుక్కో ఉన్న ఇల్లైతే ఖాళీ మాత్రల డబ్బాకి మూత కింద చుట్టూ చీమ పట్టేంత బెజ్జాలు పెట్టి దూది లోపల పెట్టి మూత బిగించి టేపు వెయ్యండి. రెండు మూడు రోజులకోసారి మార్చాలి, మన ఉక్కకి పంచదార నీళ్ళు పులిసిపోతాయి. అట్టముక్క పరీక్షలో ఎండుచేప మీద పడ్డాయనుకోండి, వేయించిన వేరుశెనగ గుండలో చెంచా పాకం పోసి ముద్ద చేసి, ముద్ద 100 గ్రాములైతే బోరిక్ 1 గ్రాము కలిపి పెట్టండి.

ఎర పెట్టిన చోట ఇంక స్ప్రే, చాక్‌పీసు, ఫినాయిల్, సబ్బునీళ్ళ తుడుపు ఏమీ వద్దు. ఆ దారి వాసనని బట్టే కొత్త చీమలు ఎరకి వస్తాయి, దారి తుడిచేస్తే మీ ఎర మీరే దాచేసినట్టు. మొదటి రెండు మూడు రోజులు చీమలు ఇంకా పెరుగుతాయి, మూత చుట్టూ గింజలు పోసినట్టు మూగుతాయి, మా అత్తయ్య ఇది చూసి "మందెట్టేవా, విందెట్టేవా?" అంది. ఆ మూడు రోజులు ఓర్చుకోవడమే కష్టం. వారం పది రోజుల్లో పల్చబడతాయి, పెద్ద గూడైతే మూడు నాలుగు వారాలు పడుతుంది. పల్చబడ్డాక కూడా ఇంకో రెండు వారాలు ఎర ఉంచండి.

ఒక మాట గట్టిగా చెప్తున్నా, బోరిక్ పౌడరు చూడ్డానికి ఉప్పులా, పంచదార పొడిలా ఉంటుంది. వంటింటి డబ్బాల్లో పెట్టకండి, కలిపిన నీళ్ళు కూల్‌డ్రింక్ సీసాలో పొయ్యకండి. పెరట్లో పెడితే కోళ్ళకీ మేకలకీ అందని చోట పెట్టండి. పిల్లలెవరైనా మింగితే ఇంట్లో చిట్కాలు చెయ్యకుండా 108కి చెయ్యండి, డబ్బా వెంట తీసుకెళ్ళండి.

గూడు చేతికందితే

కర్ర ఎలాగూ మారుస్తున్నారంటే పని సులువు. మేస్త్రిని పిలిచే ముందు రోజు సాయంత్రమే సబ్బునీళ్ళ బకెట్ సిద్ధం చేసుకోండి, కోసిన ముక్కని చీమలతో సహా తిన్నగా అందులో ముంచెయ్యాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంచండి, లేకపోతే తెల్ల గొట్టాల్ని నోట కరుచుకుని ఇల్లంతా పారిపోతాయి. ఖాళీ గోడసందులో అయితే పొడి బోరిక్‌ని రబ్బరు బల్బుతో పల్చగా ఊదాలి, ధూళి పడ్డట్టు కనపడాలి అంతే, కుప్పపోస్తే అవి చుట్టుతిరిగి పోతాయి.

మోడుని తవ్వించి ఊరి బయటికి పంపించాం. తవ్వించే ముందు మూడు వారాలు దాని దగ్గర కూడా ఎర పెట్టాం, ముందే పెకలిస్తే బతికున్న గూడు ఇంకెక్కడికో మారిపోతుంది. బతికున్న చెట్టు మొదట్లో పుట్టుంటే మరిగే నీళ్ళు పొయ్యకండి, చీమల సంగతేమో గానీ చెట్టు వేళ్ళు చస్తాయి.

దూలాలు బరువు మోసేవైతే, లేదా మూడు చోట్ల మించి గూళ్ళుంటే సొంత వైద్యం ఆపి పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవండి. ఈసారి మాత్రం గోడల వెంట స్ప్రే కాదు, గూడు ఎక్కడుందో చూపించి అక్కడే మందు వెయ్యమనండి, ఏ మందో పేరు కాగితం మీద రాయించుకోండి.

పొలం మందులు ఇంట్లోకి తేవద్దు

మన వైపు ఇది మామూలైపోయింది, పొలానికి కొన్న గుళికలో మందో మిగిలితే చీమలకి చల్లెయ్యడం. ఫోరేట్ గుళికలు, డైక్లోర్‌వాస్ మందు 2020 డిసెంబరు 31 నుంచి దేశంలోనే నిషేధం. పాతకాలం వాళ్ళు గమాక్సిన్ అనే తెల్లపొడి దాచుకునుంటారు, దాన్ని 1997లోనే నిషేధించారు. ఇలాంటివి అటక మీద దొరికితే వాడకండి, మురుక్కాల్వలో పొయ్యకండి, వ్యవసాయ ఆఫీసులో అడిగి అప్పజెప్పండి. కిరసనాయిలు దూలంలో పొయ్యడం అంటే పొయ్యి మీద దూలానికి నిప్పు అరువు తేవడమే. పసుపు, కర్పూరం, నిమ్మచెక్కలు దారి మారుస్తాయి గానీ గూటికి ఏమీ కాదు.

కర్రకి మరమ్మతు, పెరటికి మరమ్మతు

మా దూలం మొత్తం మార్చలేదు. మూరెడు కొన కోసేసి గుగ్గిలం (సాల్) చెట్టు కర్రముక్క అతుకు వేయించి ఇనప పట్టీలు బిగించాం, గోడలో కూర్చునే భాగానికి తారు పూసి కింద సిమెంటు దిమ్మ పోయించాం, కర్రకి మట్టిగోడ చెమ్మ నేరుగా తగలకూడదు. మామిడి చెక్క చౌకని ద్వారబంధాలకి వాడతారు గానీ తడి తగిలే చోట అది తొందరగా పుచ్చుతుంది, అక్కడ టేకో గుగ్గిలమో పెట్టించుకోండి. కొత్త కర్ర బాగా ఆరిందో లేదో చూసే రంగు వెయ్యాలి, పచ్చికర్ర మీద రంగేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

ఇంటికి తగిలే కొమ్మలు రెండు మూడడుగుల దూరానికి కొట్టించండి. దండెం తీగ చూరుకి కట్టకుండా విడిగా రెండు గుంజలు పాతుకోండి. కట్టెల మోపు గోడకి ఆనించకుండా ఇటుకల మీద పేర్చండి, అడుగున గాలాడాలి. ఇంకోటి ఎవరూ చెప్పరు, మందారం, కరివేపాకు, మునగ చెట్ల మీద పేనుబంక, పిండినల్లి ఉందేమో చూడండి. అవి కార్చే తేనెబంక గండుచీమలకి రోజూ భోజనం, అందుకే వాటిని ఆవుల్లా కాస్తాయి, వేరే పురుగులు రాకుండా కాపలా కూడా ఉంటాయి. లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు కలిపి ఆకు అడుగున తడిసేలా వారానికోసారి మూడు వారాలు కొట్టాక మా పెరట్లో రాకపోకలు సగానికి సగం తగ్గిపోయాయి.

ఇప్పుడు ఏటా రెండుసార్లు చూస్తాం, మే నెలాఖరున తొలకరికి ముందు పెంకులు, అక్టోబరు తుఫాన్ల తర్వాత దూలం కొనలు, స్క్రూడ్రైవరుతో ఒక్కో గుచ్చు. మిగిలిన రెండో మామిడి మొదట్లో మట్టిలో గండుచీమల పుట్ట ఒకటుంది, దాని జోలికి మాత్రం మేం పోలేదు. పక్కింటి ఒడియా పెద్దాయన రోజూ పొద్దున గోడ మీంచి చూసి "కళా పింపుడి (నల్ల చీమలు) ఇంకా ఉన్నాయే" అని నవ్వుతాడు. ఉండనివ్వండి, వాటి ఇల్లు అదే.